ఆరోగ్యం ఎక్కువైన మనిషి

విరుదునగర్,
1999 జనవరి 20

పూజ్యులైన దామోదరసామి చిన్నాయనకు మీ అన్న కూతురు యువరాణి నమస్కరించి రాసేది.

నేను క్షేమం. మీరూ, బొమ్మక్క చిన్నమ్మా, ఎద్దులూ క్షేమమని తలుస్తాను. నాకు ఉద్యోగం వచ్చింది చిన్నాయనా! ఇక్కడ మిరపకాయల మండీల వెనక వీధిలో ఒక ఆసుపత్రి ఉంది. దాని మేడ మీద మందుల పరీక్షా కేంద్రం పెట్టారు. నేను చదివిన ఫార్మసీ చదువుకు సరిపోయే పనే దొరికింది. ఉబ్బసానికి పీల్చే మందు ఒకటి కొత్తగా తయారైంది. అది ఒంట్లోకి ఎంత ఎక్కుతుంది, ఎంత త్వరగా ఎక్కుతుంది అని మనుషుల చేత పీల్పించి, రక్తం తీసి చూడాలి. దానికి కావలసింది ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. జబ్బున్నవాళ్ళు ఎంతమంది కావాలంటే అంతమంది వస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాడు మాత్రం ఒక్కడూ మెట్లెక్కడం లేదు. "నాకేమీ లేదే, నేనెందుకు మందు పీల్చాల?" అంటున్నారు. మన దొడ్డనాయకన్‌పట్టిలో గట్టివాళ్ళు, ఇష్టపడి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇంకో మాట. పోయిన నెల మీరు నా గదికి వచ్చినప్పుడు మెట్ల మధ్యలో ఆగి గోడ మీది సున్నాన్ని చాలాసేపు మెచ్చుకున్నారు. ఆ సున్నం అంత గొప్పదేమీ కాదు. మీకు ఆయాసంగా ఉంటోందా?

ఇట్లు,
మీ యువరాణి

తా.క.: ఇంటివాళ్ళను అడిగాను. నేను పుట్టకముందు వేసిన సున్నమట అది.

*

దొడ్డనాయకన్‌పట్టి,
కోవిల్పట్టి తాలూకా,
ఫిబ్రవరి 3

చిరంజీవి యువరాణిని చిన్నాయన దామోదరసామి జక్కమ్మ తల్లి పేరు చెప్పి దీవించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. మన పోస్టుమాస్టరు వెంకటసుబ్రమణియన్ దాన్ని ఎండకు పట్టి, తలకిందులు చేసి, చివరికి విసుగొచ్చి నా చేతికిచ్చాడు. ఎవరికి ఉత్తరం వచ్చినా ఇంటివాళ్ళకంటే ముందు సంగతి ఆయనకు తెలియాలి. మనమిద్దరం తెలుగులో రాసుకుంటామని ఆయనకు నా మీద పీకలదాకా కోపం. ఊరంతా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, అక్షరాలు వచ్చినవాళ్ళం మీ తాత పలక మీద దిద్దించిన మనమిద్దరమేగా. కాబట్టి ఏమైనా ధైర్యంగా రాయి.

ఆయాసమా? నాకా? ఎవరు చెప్పారు? ఎండలు ముదిరే చిత్తిరై నెలలో జక్కమ్మ కొలుపు వస్తోంది. అప్పుడు వరసకట్టి ఆడే దేవరాట్టంలో అందరికంటే ముందు నిలబడి అడుగు తీసేది నేను. మీ తాత తరవాత ఆ చోటు నాది. చేతిగుడ్డలు ఊపుతూ నేను అడుగు మారిస్తే వెనక వరస వరసంతా మారుస్తుంది. ముందు నిలబడ్డవాడికి ఆయాసమని తెలిస్తే చేతిగుడ్డలు వెనకవాడికి ఇచ్చేసి తప్పుకోవలసిందే. ఆ వెనకవాడెవరో నీకు తెలుసు. మన దాయాది లక్ష్మణసామి. ఏళ్ళ తరబడి సరిగ్గా నా వీపు వెనకే ఆడుతున్నాడు. నేను కాస్త దగ్గితే చాలు, ఒక అడుగు ముందుకు జరుగుతాడు. వాడు మనిషి కాదు, గద్ద. ఆ చోటు పోతే నేనిక ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను.

అసలు నీ పనే నాకు అర్థం కాలేదు. పురుగు పట్టని పత్తికి మందు కొట్టే రైతును నేనింతవరకు చూడలేదు.

ఇట్లు,
దామోదరసామి

తా.క.: ఆ మందు ఎలా ఉంటుంది? ఊరికే అడుగుతున్నాను.

మళ్ళీ తా.క.: పడుకుంటే గొంతులో ఈల వేసినట్టు చప్పుడు వచ్చేవాళ్ళకు పనిచేస్తుందా? మన ఎర్ర ఎద్దు కోసం.

*

విరుదునగర్,
ఫిబ్రవరి 11

చిన్నాయనకు యువరాణి నమస్కారాలు.

ఎర్ర ఎద్దు ఎన్నాళ్ళుగా ఈల వేస్తోంది? మెట్లెక్కితే ఎక్కువవుతోందా?

మీ పత్తి ప్రశ్న మంచిదే. కొత్త మందు తెచ్చినప్పుడు ఆకు మాడుతుందేమోనని మీరు ముందు బాగున్న మొక్క మీద కొట్టి చూడరూ? ఇదీ అంతే. జబ్బున్నవాళ్ళకు ఊపిరి గొట్టాలు ఒకరికి ఒకలా, ఒక్కోరోజు ఒక్కోలా బిగుసుకుని ఉంటాయి. అందుకని మందు దారేమిటో ముందు బాగున్న ఒంట్లో తెలుసుకోవాలి.

ఆ దారి ఎలాంటిదో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. మందు పీలిస్తే అంతా ఊపిరితిత్తుల్లోకే పోతుందనుకుంటాం. పోదు. చాలావరకు నోట్లో, గొంతులో అంటుకుపోతుంది. దాన్ని గుటక వేస్తాం. అది కడుపులోకి పోయి, పేగుల్లోంచి తీరిగ్గా రక్తంలో కలుస్తుంది. మిగిలిన కొంచెమే ఊపిరితిత్తుల్లో దిగి, అక్కణ్ణించి నిమిషాల మీద రక్తంలోకి వస్తుంది. ఏది ఏ దారిన వచ్చిందో తేలాలంటే ఒక దారి మూసెయ్యాలి. అందుకని ఒక విడత బొగ్గునీళ్ళు తాగిస్తాం. మింగిన మందును బొగ్గు కడుపులోనే పట్టేసుకుంటుంది. అప్పుడు రక్తంలో కనిపించేదంతా ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందే. పీల్చినవాళ్ళకు కాసేపు గుండె దడగా ఉంటుంది, వేళ్ళు వణుకుతాయి. అంతకంటే ఏమీ కాదు.

మీరొకసారి వచ్చి డాక్టర్ పుష్పం గారికి చూపించుకోండి. ఆవిడ చాలా మంచిది.

ఇట్లు,
మీ యువరాణి

తా.క.: మీ ఉత్తరం సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఎద్దును తీసుకురమ్మన్నారు. చొక్కా వేసుకుని వస్తే చాలన్నారు.

*

దొడ్డనాయకన్‌పట్టి,
ఫిబ్రవరి 20

చిరంజీవి యువరాణికి చిన్నాయన ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం బాగా చదివాను. చదివినకొద్దీ నా కళ్ళు తెరుచుకున్నాయి. మీ పరీక్షకు నేనే వస్తున్నాను.

ఎందుకో విను. అలాంటి పీల్చే మందు పంపు ఏదైనా కోవిల్పట్టిలో కొన్నాననుకో, నేను ఊరు చేరేలోగా కబురు ఊరు చేరుతుంది. మందుల షాపువాడు లక్ష్మణసామి అల్లుడితో కలిసి చదివినవాడు. అదే మీ మేడ మీద పీలిస్తే? అక్కడ ఆరోగ్యవంతులకే మందు ఇస్తారని నువ్వే రాశావు. కాబట్టి పీల్చినవాడు ఆరోగ్యవంతుడు. ఎద్దు జబ్బూ పోతుంది, జబ్బు లేదన్న పేరూ దక్కుతుంది. ఇంత తెలివైన ఏర్పాటు చేసిన మీ కంపెనీవాళ్ళకు నా నమస్కారాలు చెప్పు.

చావడి దగ్గర అందరికీ చెప్పేశాను. జిల్లా మొత్తంలో గట్టి ఒళ్ళున్నవాళ్ళను ఏరుతున్నారనీ, నన్ను పిలిచారనీ. వెళ్ళైయమ్మాళ్ అవ్వ నా బుగ్గలు నిమిరి, "నీకేంది సామీ, ఒళ్ళు రాయి మాదిరి ఉండాది. ఎవురు పిలవరు?" అంది. లక్ష్మణసామి ముఖం చూడవలసింది. ఆడవాళ్ళు హారతి కూడా ఇచ్చారు.

బొగ్గు సంగతి విని మీ చిన్నమ్మ కంటతడి పెట్టుకుంది. "చదువుకున్న బిడ్డకి ఎవుని పొయ్యిలో బొగ్గో కలిపి తాపిస్తా ఉంటే నేను చూస్తా ఉండాల్నా?" అంది. నువ్వు తాగించేదానివి, తాగేదానివి కావని ఎంత చెప్పినా వినలేదు. మన చేలో సీమతుమ్మ కాల్చిన బొగ్గు, గుడ్డకు పట్టి జల్లించి, గోతాంలో కట్టి ఈ రోజు పొద్దుటి బస్సు మీద వేయించింది. కండక్టరుకు గట్టిగా చెప్పాం, మందని.

ఇట్లు,
రాబోతున్న దామోదరసామి

తా.క.: బొగ్గు తాగే రోజు పళ్ళు తోముకోవాలా, అక్కర్లేదా?

*

విరుదునగర్,
ఫిబ్రవరి 24

చిన్నాయనా, నమస్కారాలు. అర్జంటు.

రావద్దు. పరీక్షకు రావద్దు. మీ ఒంట్లో మందు బాగున్నవాళ్ళ ఒంట్లో నడిచినట్టు నడవదు. మీ అంకెలు మిగతావాళ్ళ అంకెల్లో కలిస్తే లెక్క తప్పుతుంది. ఆ తప్పు లెక్కతో రేపు ఎవరెవరికో తప్పు మోతాదు ఇస్తారు. ఎలాగూ ముందే ఊదించి చూస్తారు కాబట్టి మీరు ఆ గుమ్మం దాటలేరు. మీకు కావలసింది పరీక్ష కాదు, వైద్యం. అదైతే కింది అంతస్తులోనే ఉంది. చీటీ తీసుకుని మామూలు రోగిలా కూర్చోండి. రోగి కావడం నేరం కాదు చిన్నాయనా.

మా బొగ్గు వేరే. అది మందుగా తయారుచేసిన పొడి, సీసాల్లో వస్తుంది. చిన్నమ్మకు నా ముద్దులు చెప్పి, ఇంకో గోతాం పంపవద్దనండి.

ఇట్లు,
కంగారులో ఉన్న మీ యువరాణి

తా.క.: వచ్చిన గోతాన్ని క్యాంటీన్ పరోటా మాస్టరు పట్టుకుపోయాడు. ఇంత బాగా మండే మందును తన సర్వీసులో చూడలేదంటున్నాడు.

*

దొడ్డనాయకన్‌పట్టి,
మార్చి 8

చిరంజీవి యువరాణికి చిన్నాయన రాసేది. ఆశీర్వాదాలు ఇవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి ఇస్తున్నాను.

నీ అర్జంటు ఉత్తరం నేను మీ మేడ దిగి, బస్సెక్కి, ఇల్లు చేరాక అందింది. వెంకటసుబ్రమణియన్ దాన్ని ఎండకు పట్టి చూడడానికే సగం వారం తీసుకున్నట్టున్నాడు.

ఆ ఊదే యంత్రం చెడిపోయింది. ఆ మాట నీ ముందే చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. శంఖం ఊదినట్టు ఊదాను. ముల్లు కదిలిందా? ఊడ్చే పాండిసెల్వి చేత ఊదించడం ఏం న్యాయం? ఆ పిల్ల చీపురు చంకలో పెట్టుకుని ఉఫ్ అంటే ముల్లు ఆ చివరికి పోయింది. పైగా డాక్టరమ్మ నా వీపు మీద గొట్టం పెట్టి విని, "ఎద్దు ఇక్కడే ఉంది" అంది. నువ్వు నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని నవ్వావు. చూశాను.

తరవాత జరిగింది నీకు తెలియదు. బస్సు దిగేసరికి ఊరు ఊరంతా నిలబడి ఉంది. లక్ష్మణసామి అందరికంటే ముందు. "ఏం చెప్పినారన్నా?" అన్నాడు. నా నోటికి ఏం వచ్చిందో అదే అన్నాను. "ఆరోగ్యం జాస్తిగా ఉండాదంట. నా ఒంటికి ఆ మందు చాలదని తిప్పి పంపినారు."

నమ్మారు బిడ్డా! అందరూ నమ్మారు. నమ్మి నా కొంప ముంచారు. ఇంత ఆరోగ్యం ఊళ్ళో పెట్టుకుని కొలుపును ఎప్పటిలా చెయ్యడమేమిటన్నారు. ఈసారి ఉన్న అడుగులన్నీ, మధ్యలో కూర్చోకుండా ఏకధాటిగా ఆడాలట. వత్రాప్ నుంచీ, తిరుత్తంగల్ నుంచీ చుట్టాలను పిలిచారు. ఆరోగ్యం ఎక్కువైన మనిషిని చూడడానికి.

నాకు భయంగా ఉంది. మీ చిన్నమ్మతో కూడా చెప్పలేదు. రాత్రి కూర్చునే నిద్రపోతున్నాను. తెలుగులో కాబట్టి రాయగలుగుతున్నాను. ముందు వరసలో నేను కూలబడితే మా నాయన నాకిచ్చిన చోటు మన ఇంటి నుంచి పోతుంది.

డాక్టరమ్మ ఇచ్చిన రెండు పంపులూ వాడుతూనే ఉన్నాను. తలుపులు మూసి, గది నాలుగు మూలలా కొట్టి, నడుమ పీట వేసుకుని కూర్చుంటున్నాను, తలంటి సాంబ్రాణి పట్టినట్టు. నాకైతే ఏ గుణమూ కనిపించలేదు.

ఇట్లు,
దామోదరసామి

తా.క.: గుణం బొత్తిగా లేదని చెప్పలేను. గోడ మీది బల్లి మాత్రం ఈమధ్య చాలా చురుగ్గా ఉంది.

*

విరుదునగర్,
మార్చి 15

చిన్నాయనకు యువరాణి నమస్కారాలు.

బల్లికి నయమైనందుకు సంతోషం. ఇక మీ సంగతి చూద్దాం.

నోట్లో కొట్టుకున్నదే చాలావరకు గొంతులో ఆగిపోతుందని రాశాను కదా. గది మూలల్లో కొట్టింది మీ దాకా ఎలా వస్తుంది? ఆ పంపులతో పాటు డాక్టరమ్మ పెద్ద ప్లాస్టిక్ బుడ్డి ఇచ్చారు. అది ఏది? చిన్నమ్మ అందులో ఆవాలు పోసి ఉంటే వెంటనే ఖాళీ చేయించండి. పంపును బుడ్డికి ఒక చివర తగిలించి, రెండో చివర పెదాలతో పట్టుకోండి. ముందు ఉన్న గాలంతా బయటికి వదలండి. ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా లోపలికి తీసుకోండి. గబుక్కున పీలిస్తే గొంతుకే పోతుంది. కొలుపులో మన వెళ్ళైసామి ఉరుమి డోలు మీద వంకర పుల్లను ఒత్తి లాగితే "హుమ్మ్" మని సాగుతుందే, ఆ నాదం సాగినంతసేపు పీల్చండి. పీల్చాక ఊపిరి బిగబట్టి, మనసులో మెల్లగా దరువు వేసుకుని, అప్పుడు వదలండి.

గోధుమరంగు పంపు రోజూ రెండు పూటలా. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. అది లోపలి వాపును తగ్గిస్తుంది, పైకి తెలియకుండా పనిచేస్తుంది. ఒంటికి బాగుందని మానెయ్యకండి. నీలంరంగుది ఆయాసం వచ్చినప్పుడు, ఆటకు కాస్త ముందు. వారం వారం వచ్చి డాక్టరమ్మకు చూపించుకోండి. ఆవిడ సరేనంటేనే ఆడాలి.

మీరు ఆడాలని నాకూ ఉంది చిన్నాయనా. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని చూశాను మీ ఆట. మా చిన్నాయనంత మనిషి ఎవరికీ లేడనుకునేదాన్ని.

ఇట్లు,
మీ యువరాణి

తా.క.: పరీక్షకు మనుషులు ఇంకా చాలలేదు. ఇలా అయితే కేంద్రం మూసేస్తామంటున్నారు. మీ ఊళ్ళో మీ అంత ఆరోగ్యం లేనివాళ్ళు ఎవరైనా ఉంటే పంపండి.

*

దొడ్డనాయకన్‌పట్టి,
మే 2

చిరంజీవి, బంగారు తల్లి యువరాణికి చిన్నాయన దామోదరసామి నిండు ఊపిరితో దీవించి రాసేది.

గెలిచాం!

డాక్టరమ్మ కిందటి వారం సరేనన్నది నీకు తెలుసు. పాండిసెల్వి అంత కాకపోయినా ముల్లును బాగానే జరిపాను కదా. కొలుపు రోజు సాయంత్రం గుడి వెనక్కి పోయి, నువ్వు చెప్పినట్టే హుమ్మ్ మన్నంతసేపు పీల్చి, తలపాగా చుట్టుకుని వచ్చి ముందు నిలబడ్డాను. ఎంత జనమని చెప్పను! చింతచెట్ల మీద కూడా మనుషులే. ఉరుమి లేచింది. చేతిగుడ్డలు లేచాయి. మొదటి అడుగులు ఎలా పోయాయో తెలియలేదు. నా వీపు వెనక గద్ద ఎప్పటిలా సిద్ధంగా ఉంది.

పెద్ద తిరుగుడు అడుగు అయ్యాక ఉరుమి నెమ్మదిస్తుంది. ఏటా అంతే. అక్కడ నెమ్మది మన పూర్వీకులు పెట్టిందని కుర్రాళ్ళకు నేనే నేర్పాను. ఈసారీ నెమ్మదించింది. కానీ నా రొమ్ము నిండా గాలి ఉంది బిడ్డా! కాళ్ళు ఆగనంటున్నాయి. వెనక్కి తిరిగి, "ఏందిరా వెళ్ళైసామీ, నిద్ర పోతా ఉండావా? లాగరా!" అని అరిచాను.

వాడు లాగలేదు. నా మీదుగా ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ మీ చిన్నమ్మ లేచి నిలబడి ఉంది. నా ముఖం పరీక్షగా చూసింది. చూసి, వాడికి తల ఊపింది.

అప్పుడు కొట్టాడమ్మా ఉరుమి! నేను పుట్టి అంత దరువు వినలేదు. అడుగులన్నీ ఆడాను. అయిపోయాక జనం వదల్లేదు, కొన్ని మళ్ళీ ఆడాను. వెనక కుర్రాళ్ళు ఒక్కొక్కరే నాలుక బయటపెట్టి కూలబడ్డారు. లక్ష్మణసామి తలపాగా ఎక్కడ పడిందో ఇంకా దొరకలేదు. అంతా అయ్యాక వాడు నేల మీద చతికిలబడి నన్ను చూసి నవ్వుతున్నాడు. "ఇంకమీద నీ ఎనక నాకేం పని లేదన్నా," అన్నాడు.

"ఏం పని ఉండిందిరా?" అన్నాను.

"పట్టుకునే పని. నువ్వు పడిపోతే పట్టుకోమని వదినే కదా నన్ను నీ ఎనక నిలబెట్టింది."

వెళ్ళైసామిని అడిగాను. వాడు తల గోక్కున్నాడు. "నీ ఈల వినపడినప్పుడంతా దరువు తగ్గించినాను సామీ. వదిన చెప్పింది. నువ్వేమో అది తాతలు పెట్టిందని అందరికీ నేర్పితివి. మేమేం చెప్పేది?"

ఊరందరికీ తెలుసట. వెళ్ళైయమ్మాళ్ అవ్వకూ తెలుసు. బస్సు దగ్గర నా మాట అందరూ నమ్మారని నమ్మింది నేనొక్కణ్ణే. కొలుపులో అన్ని అడుగులూ పెట్టమన్నది కూడా మీ చిన్నమ్మేనట. భయమేస్తేనన్నా మందు తిన్నగా వాడతానని. ఇంతకాలం ఊరంతా మోస్తున్న రహస్యాన్ని పోస్టుమాస్టరు నుంచి దాచడానికి మనం తెలుగులో రాసుకున్నాం చూడు! వెంకటసుబ్రమణియన్ నా భుజం తట్టి, గాలి బాగా ఆడుతోందా అని అడిగాడు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో మొదలుపెట్టాను గాని మధ్యలో అది సంతోషమైపోయింది. లక్ష్మణసామిని గద్ద అన్నాను కదా, ఆ ముక్క నీ ఉత్తరాల్లోంచి కత్తిరించి పారెయ్యి. తరవాత పంపు తీసి, బుడ్డి తగిలించి, ఎలా పీల్చాలో అందరికీ చూపించాను. ఊళ్ళో ఇంకో ఇద్దరు మెల్లగా పక్కకు పిలిచి, తమ ఎద్దులకు కూడా కావాలన్నారు. వాళ్ళను కిందికి, చీటీల దగ్గరికి పంపుతున్నాను. మీ మేడ మీదికి వచ్చే సోమవారం మన ఆటగాళ్ళు బస్సు నిండా వస్తున్నారు. అందరూ నిజంగా ఆరోగ్యవంతులే, వాళ్ళను ఆడించి చూసి ఏరాను. లక్ష్మణసామి ముందు నిలబడి వాళ్ళను తీసుకొస్తాడు. మీ కేంద్రం ఎవడు మూస్తాడో చూస్తాను.

ఇట్లు,
వచ్చే ఏడు కూడా ముందు వరసలోనే ఉండబోయే
దామోదరసామి

తా.క.: వెళ్ళైసామి కుడి భుజం పట్టేసి మంచం మీద ఉన్నాడు. ఏళ్ళ తరబడి నా కోసం మెల్లగా కొట్టడానికే అలవాటైన చెయ్యి అది. రోజూ నేనే వెళ్ళి ఆముదం రాసి వస్తున్నాను. భుజానికి పీల్చే మందేదైనా ఉంటే పంపు. ఎలా పీల్చాలో నేను నేర్పుతాను.